చేతిబంతి లీగులు

పార్వతీపురమునకు పడమటను ఉత్తరమునను తూర్పు కనుమల కొండలు అంచెలంచెలుగా లేచియున్నవి. గుమ్మలక్ష్మీపురము, కురుపాము, సీతంపేట, పాచిపెంట మొదలగు ప్రాంతములలో సవరలు, జాతాపులు, కొండదొరలు, గదబలు కొండవాలులందు చోళ్లు, సామలు, కొర్రలు పండించుకొందురు. వెన్ను పాలు పోసికొను దినములలో పిట్టలు గుంపులుగా వచ్చి పైరుపై వ్రాలును. అప్పుడు ఇంటి పిల్లవాడు మంచె యెక్కి, వడిసెలలో రాయినుంచి, గిరగిర త్రిప్పి విసరును. రాయి పిట్టకు తగులనక్కర లేదు; పిట్ట వ్రాలిన చోటికి పోయి పడిన చాలును. ఈ పని చేయు పిల్లవానికి ఒక సంగతి యెవరును చెప్పకయే తెలియును. విసరుట యనునది భుజమొక్కటియే చేయు పని కాదు. అది మడమ యొద్ద మొదలై, నడుము మీదుగా ప్రాకి, భుజమును దాటి, వ్రేళ్ల కొనల యొద్ద ముగియును.

ఈ విద్య మీదనే నిలిచిన ఆట యొకటి ప్రపంచమున కలదు. దానికి హ్యాండ్‌బాల్ అని పేరు. తెలుగున చేతిబంతి యనవచ్చును. జర్మనీ, డెన్మార్కు, ఫ్రాన్సు, స్పెయిను మొదలగు దేశములలో ఈ యాట చూచుటకై వేలకొలది జనులు టిక్కెట్లు కొని వచ్చుచుందురు. మన దేశమున క్రికెట్టు నీడలో పడి యుండుటచే దీని పేరైనను వినని వారు పెక్కుమంది కలరు.

ఈ యాటను పుట్టించినవాడు ఒక బడిపంతులు. డెన్మార్కు దేశమున ఓర్డ్రప్ అను చోట హోల్గర్ నీల్సన్ అను నుపాధ్యాయుడుండెను. బడి యావరణలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడి కిటికీ అద్దములు పగులగొట్టుచుండగా, బంతిని కాలితో తన్నుట మాన్పించి చేతితో విసరుట నేర్పెనని చెప్పుదురు. అది 1898వ సంవత్సరము. 1906లో అతడు ఆ యాట నియమములను అచ్చు వేయించెను. ఈ నీల్సన్ సామాన్యుడు కాడు. 1896లో ఏథెన్సునందు జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్ క్రీడలలో పిస్తోలు కాల్చుటయందును కత్తిసాములోను పతకములు పొందినవాడు. నీట మునిగి ఊపిరి నిలిచినవారికి మరల ఊపిరి తెప్పించు పద్ధతి నొకదానిని తన వార్ధక్యమున కనిపెట్టెను. చిరకాలము అనేక దేశములలో ఆ పద్ధతిని అతని పేరుతోనే నేర్పుచుండిరి. అద్దములు పగులకుండుటకు ఒక ఆటను, ప్రాణములు పోకుండుటకు ఒక ఉపాయమును కనిపెట్టిన ఉపాధ్యాయుడాతడు.

తరువాత జర్మనులు ఈ యాటను తమ పద్ధతికి మార్చుకొనిరి. 1917లో బెర్లిను నగరమున మాక్స్ హైజర్ స్త్రీలకై నియమములు వ్రాసెను. కార్ల్ షెలెన్ట్స్ అను వ్యాయామోపాధ్యాయుడు వానిని పురుషులకు తగునట్లు దిద్దెను. ఆ కాలమున జట్టుకు పదునొకండుగురు చొప్పున ఫుట్‌బాల్ మైదానముమీద ఆడెడివారు. 1936 బెర్లిన్ ఒలింపిక్సులో తుది ఆట అట్లే జరిగెను. వర్షములో తడియుచు సుమారు లక్ష మంది చూచుచుండగా జర్మనీ 10–6 గోలులతో ఆస్ట్రియాను ఓడించెను. కాని ఉత్తర ఐరోపాలో చలికాలము దీర్ఘమైనది. మంచు కురియు మైదానమున ఆట సాగదు. కావున డెన్మార్కు, స్వీడను దేశస్థులు ఆటను ఇంటికప్పు క్రిందికి తెచ్చి, జట్టుకు ఏడుగురే చాలుననిరి. క్రమముగా ఈ ఏడుగురి ఆటయే గెలిచినది. 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో దానికే చోటు దొరకెను. నాలుగేండ్ల తరువాత మాంట్రియల్‌లో స్త్రీలకును ప్రవేశము కలిగెను.

ఆట స్వరూపము ఇట్టిది. క్రీడాస్థలము నలుబది మీటర్ల పొడవు, ఇరువది మీటర్ల వెడల్పు గలది. రెండు కొనలయందును మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు గల గోలు చట్రము లుండును. గోలు ముందు ఆరు మీటర్ల దూరమున విల్లువలె వంగిన గీత యొకటి గీయుదురు. ఆ గీత లోపలి చోటు గోలు కాచువానిది. ఇతరు లెవ్వరును దానిలో కాలు మోపరాదు. అయినను ఇందులో ఒక చమత్కారము కలదు. నేల వానిదే గాని, గాలి వానిది కాదు. దాడి చేయువాడు గీతకు వెలుపల నుండి ఎగిరి, గాలిలో నుండగనే బంతిని విసరవచ్చును. కాళ్లు నేలకు తాకుటకు ముందే బంతి చేతిని విడిచియుండవలెను. ఈ యాటలోని సొగసంతయు ఆ రెప్పపాటులోనే యున్నది. ఎగిరినవాడు ఒక క్షణము గాలిలో నిలిచినట్లుండును. గోలు కాచువాడు కాళ్లు చేతులు చాచి చట్రము నంతను కప్పజూచును. విసరినవాడు మణికట్టు చిన్నగా త్రిప్పి వాని చంక క్రిందినుండియో, కాలి ప్రక్కనుండియో బంతిని లోనికి పంపును. గొప్ప ఆటగాండ్రు విసరిన బంతి గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో పోవును. దానిని ఆపవలసినవాని చేతులకు తొడుగులైనను ఉండవు.

బంతిని చేత పట్టినవాడు మూడడుగులకు మించి నడువరాదు, మూడు సెకండ్లకు మించి ఉంచుకొనరాదు. నేలకు కొట్టుచు పరుగెత్తవచ్చును, తోడివానికి అందింపవచ్చును. మోకాలికి క్రిందిభాగము బంతికి తాకరాదు; ఈ నియమము గోలు కాచువానికి మాత్రము తన చోటున లేదు. ఎదిరిని ఎదురురొమ్ముతో అడ్డగింపవచ్చును గాని, పట్టి లాగుట, నెట్టుట తప్పు. అట్టి తప్పు చేసినవానిని రిఫరీలు రెండు నిమిషములు బయట కూర్చుండబెట్టుదురు. అంతవరకు వాని జట్టు ఆరుగురితోనే ఆడవలెను. మూడవసారి అట్టి శిక్ష పడినచో వాడు ఆ నాటి యాటకు మరల రాడు. ఒకని తప్పునకు ఏడుగురును బాధపడుట యెట్టిదో ఆ రెండు నిమిషములలో తెలియును.

గోలు వేయు ప్రయత్నము చేయక బంతిని తమలో తాము అందించుకొనుచు కాలము గడుపుటకు వీలులేదు. రిఫరీ చేయెత్తి హెచ్చరించును. అటు పిమ్మట నాలుగుసార్లు మాత్రమే బంతి నందించుకొనవచ్చును. అంతలో గోలుపైకి విసరనిచో బంతి ఎదుటి జట్టుకు పోవును. పూర్వము ఆరుసార్లకు అనుమతి యుండెడిది. 2022లో దానిని నాలుగుకు తగ్గించిరి. ఆట ముప్పది నిమిషముల చొప్పున రెండు భాగములు. ఒక్కొక్క జట్టు ఇరువది యైదు, ముప్పది గోలులు వేయుట సామాన్యము. ఫుట్‌బాలులో ఒక గోలుకొరకు గంటసేపు కాచుకొని యుండువారికి ఈ లెక్క వింతగా తోచును.

ఇక లీగు సంగతి. సంక్రాంతి దినములలో పల్లెటూళ్లయందు చెడుగుడు పందెములు పెట్టుదురు గదా. అందు ఓడిన జట్టు అప్పుడే మూట గట్టుకొని యింటికి పోవును. ఒక్క పూట కాలు బెణికినను, ఒక్క తీర్పు వికటించినను సంవత్సరపు కృషి నీరగును. లీగు పద్ధతి అట్టిది కాదు. ఇందు ప్రతి జట్టును తక్కిన అన్ని జట్టులతోను ఆడవలెను. ఒకసారి తన ఊరిలో, ఒకసారి ఎదుటివారి ఊరిలో. గెలిచినచో రెండు మార్కులు, సమానమైనచో ఒకటి, ఓడినచో సున్న. సంవత్సరాంతమున మార్కులు కూడి చూతురు. ఒకనాటి అదృష్టము ఇచ్చట పనిచేయదు.

జర్మనీ దేశపు పురుషుల లీగునకు బుందెస్‌లీగా యని పేరు. దానిలో పదునెనిమిది క్లబ్బులు కలవు. ఒక్కొక్క క్లబ్బు ముప్పదినాలుగు ఆటలు ఆడును. మొత్తము 306 ఆటలు. వేసవి చివర మొదలై మరుసటి వేసవి వచ్చువరకు, నడుమ జనవరిలో దేశముల పోటీలకై విడిచి, ఇవి జరుగుచుండును. సంవత్సరాంతమున అడుగున నిలిచిన రెండు క్లబ్బులు రెండవ తరగతి లీగునకు దిగిపోవును. అచ్చట మొదట నిలిచినవి పైకెక్కును. అందుచే గెలుపునకు ఆశ లేని క్లబ్బును కడపటి వారమువరకు ప్రాణములొడ్డి ఆడవలసినదే. ఈ లీగు 1966లో ఏర్పడెను. మొదట ఉత్తర దక్షిణములని రెండు తెగలుగా నుండి, 1977లో ఒక్కటియయ్యెను. సముద్రతీరమందలి కీల్ నగరపు క్లబ్బు 2023 నాటికి ఇరువదిమూడుసార్లు జర్మనీ విజేతగా నిలిచి, అందరిలో ముందున్నది.

అయితే ఈ లీగు చరిత్రలో పార్వతీపురము వారికి ఎక్కువగా ఆసక్తి కలిగింపదగినది కీల్ కాదు, గుమ్మర్స్‌బాఖ్. అది కొండల నడుమ నున్న చిన్న ఊరు. జనసంఖ్య సుమారు ఏబదివేలు. 2011 జనాభా లెక్కలలో పార్వతీపురము పురపాలక సంఘపు జనసంఖ్యయు ఏబదివేలకు కొంచెము పైననే. అచ్చట బాయిలర్లు చేయు పెద్ద ఫ్యాక్టరీ యొకటి యుండెడిది. ఊరివారు 1861లో వ్యాయామ సంఘమొకటి పెట్టుకొనిరి. ఆ సంఘమే వి.ఎఫ్.ఎల్. గుమ్మర్స్‌బాఖ్. బుందెస్‌లీగా మొదటి యేటి విజేత ఈ జట్టే. మొత్తము మీద పండ్రెండుసార్లు జర్మనీ విజేత యయ్యెను. 1967, 1970, 1971, 1974, 1983 సంవత్సరములలో ఐరోపా విజేతల కప్పును గెలిచెను. ఊరిలోని ఆటశాల చిన్నది. చూడవచ్చు జనులు ఎక్కువ. కావున గొప్ప ఆటలకు డార్ట్‌మండ్ నగరములోని పెద్ద శాలకు పోయి, పొరుగూరిలో ఆడెడివారు.

ఆ ఊరిలోనే 1952లో హైనర్ బ్రాండ్ పుట్టెను. అతడును, అతని అన్నదమ్ములు క్లౌస్, యోఖెన్‌లును ఆ జట్టులోనే ఆడిరి. 1978లో కోపెన్‌హాగెన్ నగరమున ప్రపంచ పోటీల తుది ఆటలో పశ్చిమ జర్మనీ జట్టు 20–19 గోలులతో సోవియట్ జట్టును ఓడించినప్పుడు బ్రాండ్ అందులో నుండెను. 2007లో జర్మనీలోనే జరిగిన ప్రపంచ పోటీలలో పోలండును 29–24 గోలులతో ఓడించిన జట్టునకు అతడే శిక్షకుడు. బ్రాండునకు గుబురు మీసము కలదు. ఆ గెలుపునాడు ఆటగాండ్రందరును కాగితపు మీసములు పెట్టుకొని తమ గురువు నెదుట నిలిచిరి. పెద్దలయెడ జర్మనులు చూపు గౌరవమునకు ఇట్టి పద్ధతియు నున్నదన్నమాట.

1978లో గెలిచిన ఆ జట్టులో గుమ్మర్స్‌బాఖ్ ఆటగాడు మరియొకడు కలడు. అతని పేరు యోవాఖిమ్ డెకార్మ్. పొడవైన దేహము, గాలిలో నిలిచి విసరు నేర్పు కలవాడై, ఆ కాలమున ప్రపంచములోని మేటి ఆటగాండ్రలో ఒకడుగా నెంచబడినవాడు. 1979 మార్చి 30వ తేదీన గుమ్మర్స్‌బాఖ్ జట్టు హంగరీ దేశములోని టాటాబాన్యా పట్టణమునకు ఐరోపా పోటీలో ఆడుటకు పోయెను. ఆట నడుమ డెకార్మ్ పరుగున వచ్చుచుండగా ఎదుటి జట్టు ఆటగాడొకడు అడ్డమై, ఇద్దరి తలలును ఢీకొనెను. డెకార్మ్ అప్పుడే తెలివితప్పి, చేతులైనను చాచుకొనలేక, వెనుకకు పడి తల నేలకు కొట్టుకొనెను. ఆ నేల కాంక్రీటు. దానిపై పలుచని పొర మాత్రమే పరచియుండిరి.

నూట ముప్పదియొక్క దినములు అతడు కన్ను తెరువలేదు. అప్పటికి అతని వయస్సు ఇరువదియైదేండ్లు. మేలుకొనిన పిమ్మట మాటలాడుట, నడచుట, చెంచా పట్టుట అన్నియు శిశువువలె మరల నేర్చుకొనవలసి వచ్చెను. బంతిని అంత వేగముతో విసరిన చేయి బంతిని పట్టుకొనుటకు నెలల తరబడి అభ్యాసము చేసెను. చిన్ననాట అతనికి ఆట నేర్పిన శిక్షకుడు వెర్నర్ హ్యూర్టర్ ముందుకు వచ్చి, ఏండ్ల తరబడి అతనితో వ్యాయామములు చేయించెను. దేశమందలి క్రీడాసహాయ సంస్థ అతని పేర నిధి నేర్పరచెను. తోడి ఆటగాండ్రు అతని కొరకు ఆటలాడి సొమ్ము కూర్చిరి. అయినను పూర్వపు ఆరోగ్యము మరల రాలేదు. ఆ యేడు గుమ్మర్స్‌బాఖ్ ఆ కప్పును గెలిచినది గాని, ఆ గెలుపు నెవరును సంతోషముతో తలచుకొనరు.

వృత్తిగా ఆట ఆడుట యనగా నేమో ఈ కథ వలన కొంత బోధపడును. వృత్తి క్రీడాకారునికి ఆటయే ఉద్యోగము. క్లబ్బు అతనితో ఒడంబడిక వ్రాసికొని నెలజీతమిచ్చును. కాని కమ్మరికి కొలిమి, రైతుకు భూమి యున్నట్లు ఇతనికి వేరే పెట్టుబడి లేదు. మోకాళ్లును భుజమును తలయునే పెట్టుబడి. ముప్పదియైదేండ్ల ప్రాయము వచ్చునప్పటికి సామాన్యముగా ఆ వృత్తి ముగియును. కావుననే ఒడంబడికతో పాటు బీమా, వైద్యుడు, మెత్తని నేల అనునవి యుండవలెను. క్రీడాశాలలలో నేల యెట్లుండవలెనను విషయమై పిమ్మట పెద్ద విచారణలు జరిగినవి. నేడు ఐరోపాలో గొప్ప ఆటలు కొయ్యపలకలమీద గాని, అదిరి ఒదుగు ప్రత్యేకపు పరుపులమీద గాని జరుగుచున్నవి.

గుమ్మర్స్‌బాఖ్ జట్టునకు తరువాత గడ్డుకాలము వచ్చెను. పెద్ద నగరముల క్లబ్బులవలె ధనము కూర్చలేక అప్పులపాలయ్యెను. 2013లో ఆ పాత బాయిలర్ల ఫ్యాక్టరీ స్థలమున నాలుగువేల మందికి పైగా పట్టు కొత్త ఆటశాల కట్టిరి. కాని 2019లో, లీగు పుట్టిన నాటినుండి ఒక్క యేడును పైతరగతి విడువని ఆ జట్టు, మొదటిసారి క్రిందికి దిగిపోయెను. ఊరివారు ఆటశాలకు పోవుట మానలేదు. మూడేండ్లకు, 2022లో, జట్టు మరల పైకెక్కెను.

మన దేశమునకు ఈ యాట ఆలస్యముగా వచ్చెను. 1972లో భారత హ్యాండ్‌బాల్ సమాఖ్య యేర్పడి, అదే సంవత్సరమున హర్యానాలోని రోహ్తక్ పట్టణమునందు మొదటి జాతీయ పోటీలు జరిగెను. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ యాట మొదటిసారిగా చేర్చబడగా, చైనా స్వర్ణపతకము గైకొనెను. చాలకాలము మన జట్టులకు చెప్పుకొనదగిన గెలుపులు లేవు. 2022 మార్చిలో కజకిస్థాన్ దేశపు ఆల్మాటీ నగరమున మన బాలికలు ఆసియా జూనియర్ పోటీలలో థాయిలాండును 41–18 గోలులతో ఓడించి విజేతలైరి. ఆ జట్టులో హిమాచల ప్రదేశమునందలి మోర్‌సింఘీ అను పల్లెనుండి వచ్చిన బాలికలు పలువురు కలరు. బిలాస్‌పూర్ జిల్లాలోని ఆ కొండపల్లెలో స్నేహలత అను శిక్షకురాలు బాలికలను చేరదీసి, తిండియు వసతియు చూచుచు, చేతిబంతి నేర్పుచుండిరి. మహానగరము కాదు, రాజధాని కాదు, ఒక కొండపల్లె.

పురుషులకు వృత్తి లీగు 2023లో వచ్చినది. ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగు అని దాని పేరు. జూన్ 8 మొదలు 25 వరకు జయపూరు నగరమునందలి సవాయి మాన్‌సింగ్ ఇండోర్ స్టేడియములో తొలి పోటీలు జరిగెను. మహారాష్ట్ర ఐరన్‌మెన్, గోల్డెన్ ఈగిల్స్ ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ పేట్రియట్స్, గర్విత్ గుజరాత్, ఢిల్లీ పాంజర్స్, తెలుగు టాలన్స్ అని ఆరు జట్టులు. టాలన్స్ అనగా డేగ గోళ్లు. ఎర నొడిసిపట్టు డేగవలె బంతిని పట్టుదురని కాబోలు ఆ పేరు పెట్టిరి. మన వారితో పాటు రష్యా, ఇరాన్ మొదలగు దేశములనుండి వచ్చిన ఆటగాండ్రును ఈ జట్టులలో ఆడిరి. తుది ఆటలో మహారాష్ట్ర జట్టు 38–24 గోలులతో ఉత్తరప్రదేశ్ జట్టును ఓడించి, తొలి విజేత యయ్యెను.

ఇచ్చట ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. ఆరు జట్టులు ఒకదానితో నొకటి రెండేసిసార్లు ఆడిన ముప్పది ఆటలగును. రెండు ఉపాంత్యములు, ఒక తుది ఆట కలుపగా ముప్పదిమూడు. ఇవన్నియు పదునెనిమిది దినములలో ముగిసినవి. అనగా ఒక్కొక్క జట్టు తన పది లీగు ఆటలను రెండు వారములకు కొంచెము ఎక్కువ కాలములో ఆడవలసి వచ్చెను. జర్మనీలో పది ఆటలకు రెండు మూడు నెలలు పట్టును. అలసట తీరుటకు నడుమ దినములు చాలనప్పుడు కండరములు పట్టుకొనును, మోకాళ్లు వాచును. శిక్షకులు ఆటగాండ్రను మార్చి మార్చి దింపక తప్పదు. మైదానమున ఏడుగురే యున్నను, మార్పుల కెల్లలేకుండుట ఈ యాటలోని మంచి నియమము. లేనిచో పది ఆటలు గడచుట కష్టము.

రెండవ సంగతి ఆలోచింపదగినది. తెలుగు పేరు పెట్టుకొన్న జట్టు తొలి యేడు తన ఆట లన్నిటిని తెలుగునేలకు వేయి కిలోమీటర్లకు పైగా దూరమున ఆడినది. తక్కిన జట్టులును, రాజస్థాన్ జట్టు తప్ప, అట్లే ఆడినవి. ఒకే ఊరిలో ఆడించుటవలన ప్రయాణపు ఖర్చు తగ్గును. కొత్త లీగునకు అది అవసరమే. ఆటలను టెలివిజనులోను, ఆ నాటి జియో సినిమాలోను చూపిరి. కాని తెరమీద చూచుట వేరు, గుమ్మర్స్‌బాఖ్‌లో బాయిలర్ల ఫ్యాక్టరీ పనివాడు సాయంకాలము కొడుకు చేయి పట్టుకొని ఆటశాలకు నడచిపోవుట వేరు. ఆ కొడుకే పదేండ్లకు ఆ జట్టులో ఆడును. జట్టునకు ఊరుండుట యనగా నిదియే. పేరు ముందు పెట్టినంత మాత్రమున అది రాదు; ఊరిలో ఆట జరుగవలెను, అదియు ఏటేట తప్పక జరుగవలెను.

మూడవది జీవనము. పదునెనిమిది దినముల పోటీకి ఇచ్చు పారితోషికము మంచిదే కావచ్చును గాని, సంవత్సరములో తక్కిన దినములకును అన్నము కావలెను. మన దేశమున చేతిబంతి ఆటగాండ్రలో చాలమందికి ఆధారము సైన్యము, రైల్వేలు, పోలీసు శాఖ మొదలగువానిలో క్రీడాకారులకు కేటాయించిన ఉద్యోగములు. జాతీయ పోటీలలో సర్వీసెస్, రైల్వేల జట్టులు బలముగా నుండుటకు ఇదియే కారణము. జర్మనీవాడు ఆడి జీతము తెచ్చుకొనును. మనవాడు ఆడి ఉద్యోగము తెచ్చుకొనును. రెండవ మార్గమును తక్కువగా చూడవలసిన పని లేదు. డెకార్మ్ వలె ఒకనాడు దెబ్బ తగిలినను, మనవాని యుద్యోగము నిలిచియుండును. అయితే ఉద్యోగము దొరకిన తరువాత ఆట సన్నగిల్లు ప్రమాదమును కలదు. లీగు స్థిరపడినచో ఆ లోటు తీరును. ఉద్యోగమును, లీగును ఒకదానికొకటి తోడుగా నుండుటయే మన దేశమునకు సరిపడును.

2022 ఏప్రిల్ 4వ తేదీన పార్వతీపురము మన్యము జిల్లా యేర్పడినది. జిల్లాలో కొండపిల్లలకై ఆశ్రమ పాఠశాలలు, గురుకులములు పెక్కు కలవు. పాఠశాలల క్రీడా సమాఖ్య పదునాలుగు, పదునేడు, పందొమ్మిది ఏండ్ల లోపు వారికి వేర్వేరుగా చేతిబంతి పోటీలు నడుపుచుండును. కావున ఎనిమిదవ తరగతి బాలునికి లీగు దూరమైనను, ఆట దూరము కాదు. క్రికెట్టునకు వలె బ్యాటు, ప్యాడ్లు, తొడుగులు దీనికి అక్కరలేదు. ఒక బంతి, రెండు చట్రములు, పదునాలుగురు పిల్లలు చాలును. పెద్దవారిలో పురుషుల బంతి చుట్టుకొలత 58 నుండి 60 సెంటీమీటర్లు, బరువు 425 నుండి 475 గ్రాములు. పండ్రెండు మొదలు పదునారేండ్లలోపు బాలురకు 54 నుండి 56 సెంటీమీటర్ల బంతి తగినది. పెద్దబంతితో నేర్చుకొన్న చిన్నవానికి పట్టు చిక్కక, మణికట్టు చెడును. చట్రములను గోడకో, నేలలో పాతిన మేకులకో గట్టిగా బిగింపవలెను. బిగింపని చట్రము పైబడి పిల్లలు గాయపడిన సందర్భములు అనేక దేశములలో కలవు. సిమెంటు నేలమీద ఈ యాట ఆడింపరాదు. గట్టిగా చదును చేసి, రాళ్లు ఏరివేసిన మట్టినేల దానికంటె మేలు.

గీతలు గీయుట కష్టము కాదు. పొడవు నలుబది, వెడల్పు ఇరువది మీటర్లకు నాలుగు మేకులు పాతి త్రాడు కట్టవలెను. మూలలు సరిగా వచ్చినవో లేవో తెలిసికొనుటకు మూలనుండి మూలకు రెండు వైపులను కొలిచి, రెండును సమానముగా నున్నవో లేవో చూడవలెను. పొట్టిగీతల నడుమ గోలు చట్రము నిలుపవలెను. ఆరు మీటర్ల త్రాడు నొక కొన గోలుస్తంభపు లోపలి వెనుక మూలయొద్ద నుంచి, రెండవ కొనతో పావువృత్తము గీయవలెను. రెండవ స్తంభమునొద్దను అట్లే చేయవలెను. ఈ రెంటిని గోలుకు సమాంతరమైన మూడు మీటర్ల తిన్నని గీతతో కలిపినచో గోలు కాచువాని చోటు సిద్ధమగును. అదే రీతిని తొమ్మిది మీటర్ల త్రాడుతో తునకలు తునకలుగా రెండవ గీత గీయవలెను; స్థలము ఇరువది మీటర్లే కావున ఈ వంపు ప్రక్కగీతలను తాకి అచ్చటనే తెగిపోవును. గోలుకు ఎదురుగా ఏడు మీటర్ల దూరమున ఒక మీటరు పొడవు గల చిన్నగీత పెనాల్టీకి. గీతలకు సున్నము చాలును. మన్యమున జూను మొదలు వానలు మెండు గనుక, వాన వెలిసిన ప్రతిసారియు వానిని మరల గీయవలసి యుండును.